పాత కంప్యూటర్ నుంచి కొత్తదానికి ఫైళ్లు: ఏ దారి ఎవరికి నప్పుతుంది?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరానిదో, ఆ తర్వాతదో కావాలి. దాంతో ఇంకా బాగానే పనిచేస్తున్న కంప్యూటర్లను సైతం మార్చాల్సిన అవసరం ఎన్నో ఇళ్లకు, దుకాణాలకు, డీటీపీ సెంటర్లకు వచ్చిపడింది. కొత్తది కొనడం తేలిక. ఏళ్ల తరబడి పాతదానిలో పేరుకున్న ఫొటోలు, లెక్కలు, పత్రాలు, పిల్లల చదువుల కాగితాలు చెక్కుచెదరకుండా కొత్తదానికి చేర్చడమే అసలు పని.

ఇందుకు దారులు చాలా ఉన్నాయి. ఏది త్వరగా అవుతుందనేదే అందరూ ముందుగా అడిగే ప్రశ్న. నేను మాత్రం ముందు మరొకటి చూస్తాను: పని పూర్తయ్యాక ఆ ఫైళ్లు ఎన్ని చోట్ల మిగులుతాయి? పాత కంప్యూటర్‌ను కొన్నాళ్లకు ఎవరికో ఇచ్చేస్తాం, లేదా ఎక్స్ఛేంజిలో పోతుంది. ఆ తర్వాత మన సర్వస్వం కొత్తదానిలోని ఒకే ఒక్క డిస్కులో ఉంటుంది. కొత్త డిస్కులూ చెడిపోతాయి. ల్యాప్‌టాప్‌లు కింద పడతాయి, దొంగల పాలవుతాయి. అందుకే తరలింపు ముగిసేసరికి మూడో ప్రతి దానంతట అదే మిగిలే పద్ధతి మేలని నా గట్టి అభిప్రాయం. కింది పోలికలన్నీ ఆ దృష్టితో చేసినవే.

ముందు పాతదాని పరిస్థితి చూడండి

దారి ఎంచుకోవడానికి ముందు తెలియాల్సింది ఎంత డేటా ఉందో. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, వీడియోస్ ఫోల్డర్లను కలిపి ఎంచుకుని, కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే మొత్తం పరిమాణం తెలుస్తుంది. మన దగ్గర డి డ్రైవ్, ఇ డ్రైవ్ అని విడగొట్టి, ముఖ్యమైనవన్నీ అక్కడ పెట్టుకునే అలవాటు ఎక్కువ. కాబట్టి వాటినీ లెక్కలో వేయండి. 20 జీబీ ఉన్నవారికి నప్పే పద్ధతి, 600 జీబీ ఉన్నవారికి శిక్ష అవుతుంది.

డిస్కు ఆరోగ్యం అంతకంటే ముఖ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం డిస్కు స్థితిని ఒక్క మాటలో చెబుతుంది. అక్కడ ‘గుడ్’ అని కాకుండా ‘కాషన్’ అనో ‘బ్యాడ్’ అనో కనిపిస్తే వేగం, సౌకర్యం అన్న ఆలోచనలన్నీ పక్కన పెట్టేయండి. ఆ రోజే, ఆ గంటలోనే, పోతే మళ్లీ దొరకనివాటిని వేరే డిస్కులోకి తీసుకోండి. మొత్తం డ్రైవ్‌ను ఒకేసారి కాపీ చేయబోతే, పనికిరాని ఫైళ్లు చదివే శ్రమలోనే ఆ డిస్కు ప్రాణం పోవచ్చు. ముందు కుటుంబ ఫొటోలు, లెక్కలు, పత్రాలు. తర్వాతే మిగతావి. సినిమాలు, ఇన్‌స్టాలర్లు ఎలాగూ మళ్లీ దొరుకుతాయి.

ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు, ఎస్‌ఎస్‌డీ

చాలామందికి నేను చెప్పేది ఇదే. పాతదానికి తగిలించి కాపీ చేయండి, తీసి కొత్తదానికి తగిలించి మళ్లీ కాపీ చేయండి, ఆ డిస్కును బీరువాలో పెట్టేయండి. రెండుసార్లు కాపీ చేయాలి కాబట్టి సమయం రెట్టింపు అవుతుందన్న మాట నిజమే. కానీ ఆ రెండోసారి పట్టే సమయానికి మీకు దక్కేది ఒక పూర్తి బ్యాకప్. విడిగా కూర్చుని బ్యాకప్ తీసుకునే ఓపిక చాలా ఇళ్లలో ఉండదు. ఈ పద్ధతిలో అది పనిలో పనిగా అయిపోతుంది.

వేగం విషయానికి వస్తే, యూఎస్‌బీ 3.0 పోర్టులో మామూలు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు పెద్ద ఫైళ్లను సెకనుకు సుమారు 100 ఎంబీ చొప్పున రాస్తుంది. అంటే 300 జీబీకి 50 నిమిషాల దాకా. అదే డిస్కును పాత యూఎస్‌బీ 2.0 పోర్టుకు పెడితే సెకనుకు 30 నుంచి 35 ఎంబీ మించదు, రెండున్నర గంటలు పడుతుంది. పోర్టు లోపలి ప్లాస్టిక్ నీలం రంగులో ఉంటే సాధారణంగా అది 3.0. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టులు పాతవై, వెనక నీలం పోర్టులు ఉండే అవకాశం ఉంది. ఒకసారి వంగి చూడండి, గంటలు మిగులుతాయి. ఈ అంకెలన్నీ పెద్ద ఫైళ్లకే. వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లుంటే వేగం దారుణంగా పడిపోతుంది, అది ఏ పద్ధతిలోనైనా తప్పదు.

తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లోనే డేటా దాచే ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ సెకనుకు 400 ఎంబీకి పైగా అందుకోగలదు. అయితే పాత కంప్యూటర్ లోపల ఉన్నది తిరిగే హార్డ్‌డిస్కు అయితే, అది చదివి ఇచ్చే వేగమే 100 ఎంబీ చుట్టుపక్కల ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ ఎంత వేగంగా రాయగలిగినా వచ్చేది అంతే. కేవలం ఈ ఒక్క తరలింపు కోసం ఎక్కువ డబ్బు పెట్టి ఎస్‌ఎస్‌డీ కొనాల్సిన పని లేదు. పైగా ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో ఉంచడానికి హార్డ్‌డిస్కే నయం. ఎస్‌ఎస్‌డీలను అలా వదిలేయకూడదు, అప్పుడప్పుడూ తగిలిస్తూ ఉండాలి.

పెన్‌డ్రైవ్ సంగతి వేరు. నాలుగు ఫోల్డర్ల పత్రాలకు పరవాలేదు, అంతకు మించి దాన్ని నమ్మవద్దు. చవక పెన్‌డ్రైవ్‌లు కొద్ది సేపు వేగంగా రాసి, తర్వాత నత్తనడక నడుస్తాయి. మరో ప్రమాదం నకిలీలు. నమ్మశక్యం కాని తక్కువ ధరకు 1 టీబీ, 2 టీబీ అని అమ్మేవాటిలో నిజంగా ఉండేది దానిలో చిన్న వంతే. కంప్యూటర్‌కు మాత్రం 2 టీబీ అనే చూపిస్తాయి, కాపీ కూడా పూర్తయినట్టే కనిపిస్తుంది. తెరవబోతే ఫైళ్లు ఉండవు. కొత్తగా కొన్నది ఏదైనా సరే, హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో పరీక్షించాకే మీ డేటా దానికి అప్పగించండి.

‘4 జీబీ మించిన ఫైలు కాపీ కావడం లేదు’ అన్న ఇబ్బందికి కారణం ఫ్యాట్32 ఫార్మాట్. ఖాళీ డిస్కును ఎన్‌టీఎఫ్‌ఎస్‌గానో ఎక్స్‌ఫ్యాట్‌గానో ఫార్మాట్ చేస్తే తీరిపోతుంది. రెండు వైపులా విండోస్ అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ మంచిది. ఒకవైపు మ్యాక్ ఉంటే ఎక్స్‌ఫ్యాట్ తీసుకోండి, ఎందుకంటే మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును చదువుతుంది గానీ దానిపై రాయలేదు.

ఒక నియమం మాత్రం ఎప్పుడూ తప్పకండి: కాపీయే, కట్ ఎప్పుడూ కాదు. మధ్యలో కరెంటు పోయినా, కేబుల్ కదిలినా, కాపీ చేస్తున్నవాడికి మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఉంటుంది. కట్ చేసినవాడు ఏది ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చోవాలి.

రెండు కంప్యూటర్ల మధ్య ల్యాన్ కేబుల్

రెండింటికీ గిగాబిట్ పోర్టులుంటే ఒక మామూలు ల్యాన్ కేబుల్ చాలు. ఇప్పటి పోర్టులు తమంతట తామే సర్దుకుంటాయి కాబట్టి ఒకప్పటిలా క్రాస్ఓవర్ కేబుల్ వెతకనక్కర లేదు. నేరుగా గానీ, రూటర్ ద్వారా గానీ కలిపితే సెకనుకు 110 ఎంబీ వరకు వస్తుంది. ఒక్కసారే కాపీ చేస్తాం కనుక 300 జీబీ ముప్పావుగంటలో అయిపోతుంది. అంకెల్లో చూస్తే ఇదే అన్నింటికంటే ముందుంటుంది.

కానీ షరతులు ఉన్నాయి. పాత డెస్క్‌టాప్ పోర్టు గానీ, మధ్యలోని రూటర్ గానీ 100 ఎంబీపీఎస్‌ది (ఇది సెకనుకు మెగాబిట్ల లెక్క, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు) అయితే వేగం సెకనుకు 11 ఎంబీకి పడిపోతుంది. ముప్పావుగంట పని ఏడున్నర గంటలవుతుంది. సన్నని కొత్త ల్యాప్‌టాప్‌లకు చాలావాటికి ల్యాన్ పోర్టే ఉండదు, యూఎస్‌బీ అడాప్టర్ కొనాలి. ఫోల్డర్ షేరింగ్ పెట్టడం మరో తలనొప్పి. హోమ్‌గ్రూప్ అనే తేలిక పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2018లోనే తీసేసింది. కొత్త విండోస్ 11 పాస్‌వర్డు లేని షేరింగ్‌ను భద్రత కోసం అడ్డుకుంటుంది కాబట్టి, పాత కంప్యూటర్‌లో పాస్‌వర్డు ఉన్న ఖాతా ఉండాలి. నెట్‌వర్క్ సంగతులు తెలిసినవారికి ఇది చక్కని దారి. తెలియనివారికి షేరింగ్ కుదిరేలోపు ఎక్స్‌టర్నల్ డిస్కులో కాపీ అయిపోతుంది. మూడో ప్రతి కూడా మిగలదు, దాన్ని విడిగా తీసుకోవాలి.

వైఫై గురించి రెండు మాటలు చాలు. పాత ల్యాప్‌టాప్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో సెకనుకు నాలుగైదు ఎంబీలకే ఆయాసపడుతుంది. 300 జీబీకి దాదాపు ఒక రోజు. విండోస్‌లో ఉన్న నియర్‌బై షేరింగ్, లేదా లోకల్‌సెండ్ అనే ఉచిత ప్రోగ్రాం, కొద్దిపాటి ఫైళ్లకు ఎంతో హాయి. కంప్యూటర్ మొత్తాన్ని దాటించడానికి మాత్రం వాటిని వాడకండి.

క్లౌడ్

క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునే చోటుకు, ఒక గొప్ప సుగుణం ఉంది. రెండు కంప్యూటర్లు ఒకే చోట, ఒకే రోజు ఉండాల్సిన అవసరం లేదు. హైదరాబాద్‌లో పాతది అమ్మేసి, డాలస్‌లోనో సింగపూర్‌లోనో కొత్తది కొనే విద్యార్థికి ఇంతకంటే మంచి దారి కనిపించదు. ఇల్లు మునిగినా, కాలినా, ఆ ప్రతి వేరే చోట భద్రంగా ఉంటుంది.

మిగతావారికి లెక్క వేసి చూపిస్తాను. మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ అయిన వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. గూగుల్ 15 జీబీ ఇస్తుంది, అందులోనే జీమెయిల్, ఫొటోలు కూడా. 2021 జూన్ 1 తర్వాత గూగుల్ ఫొటోస్‌లో పెట్టేవన్నీ ఆ 15 జీబీలోకే వస్తున్నాయి. కాబట్టి 300 జీబీకి నెలనెలా డబ్బు కట్టాలి. ఇక అప్‌లోడ్ వేగం: అది 20 ఎంబీపీఎస్ అయితే 300 జీబీ ఎక్కడానికి 33 గంటలు పడుతుంది, 100 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే ఆరు గంటల నలభై నిమిషాలు. ఆపైన కొత్తదానిలోకి దింపుకునే సమయం కలపాలి. ప్లాన్‌లో రాసి ఉన్న వేగం డౌన్‌లోడ్‌ది కావచ్చు, అప్‌లోడ్ అందులో సగమో పావో ఉండవచ్చు. ముందుగా పరీక్షించి చూసుకోండి.

విండోస్ బ్యాకప్ అనే ప్రోగ్రాం కొత్త కంప్యూటర్‌లో మొదటిసారి లాగిన్ అయ్యేటప్పుడు పాత సెట్టింగులు, డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు తెచ్చి పెడతానంటుంది. తెస్తుంది కూడా. అదంతా నడిచేది వన్‌డ్రైవ్ మీదే కాబట్టి 5 జీబీ పరిమితి దానికీ ఉంది. డి డ్రైవ్‌లో ఉన్నవి దాని దృష్టికే రావు.

క్లౌడ్ విషయంలో రెండు జాగ్రత్తలు. మొదటిది, సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ అయిన ఫోల్డర్‌లో ఒకచోట చెరిపితే అన్నిచోట్లా చెరిగిపోతుంది. కొత్తదానికి వచ్చేశాయి కదా అని పాతదానిలోని వన్‌డ్రైవ్ ఫోల్డర్‌ను ఖాళీ చేస్తే కొత్తదానిలో కూడా మాయమవుతాయి. కొద్దిరోజుల పాటు రీసైకిల్ బిన్‌లో దొరుకుతాయి, తర్వాత దొరకవు. పాతదానిలో ముందుగా వన్‌డ్రైవ్ ఖాతాను అన్‌లింక్ చేయండి, ఆపై ఏమైనా చెరపండి. రెండోది, వన్‌డ్రైవ్‌లో కనిపించే ఫైళ్లన్నీ నిజంగా మీ డిస్కులో ఉండకపోవచ్చు. పేరు పక్కన మేఘం గుర్తు ఉంటే ఆ ఫైలు ఇంటర్నెట్‌లోనే ఉందని అర్థం. నెట్ లేకుండా ఎక్స్‌టర్నల్ డిస్కుకు కాపీ చేయబోతే అవి రావు. ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ ఎంచుకుని, ఆకుపచ్చ గుర్తు వచ్చాక కాపీ చేయండి.

పాత డిస్కునే బయటికి తీయడం

పాత కంప్యూటర్ ఆన్ కాకపోయినా, తెర పగిలినా, మదర్‌బోర్డు పోయినా డిస్కు బాగానే ఉండే అవకాశం చాలా ఎక్కువ. కంప్యూటర్ చచ్చిపోయిందంటే ఫొటోలు పోయాయని దిగులుపడేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఎక్కువసార్లు అవి అక్కడే, క్షేమంగా ఉంటాయి. ల్యాప్‌టాప్‌లోని 2.5 అంగుళాల సాటా డిస్కుకు కొన్ని వందల రూపాయల కేసు గానీ కేబుల్ గానీ చాలు, దాంతో అది ఎక్స్‌టర్నల్ డిస్కుగా మారిపోతుంది. డెస్క్‌టాప్‌లోని 3.5 అంగుళాల డిస్కుకు విడిగా కరెంటు అందించే అడాప్టర్ ఉన్నదే కొనాలి. యూఎస్‌బీ ఇచ్చే కరెంటు దానికి చాలదు. చూయింగ్‌గమ్ పట్టీలా ఉండే ఎం.2 అయితే అది సాటా రకమో, ఎన్‌వీఎంఈ రకమో చూసుకుని దానికి సరిపడే కేసు తీసుకోవాలి. ఒకదానిది రెండోదానికి పనిచేయదు. కొన్ని సన్నని ల్యాప్‌టాప్‌లలో, ఇటీవలి మ్యాక్‌బుక్‌లలో నిల్వ చిప్పులు బోర్డుకే అతికి ఉంటాయి. వాటికి ఈ దారి లేదు.

కొత్తదానికి తగిలించాక, యూజర్స్ ఫోల్డర్ తెరిస్తే అనుమతి లేదంటుంది. కంటిన్యూ నొక్కి కొంతసేపు ఆగితే తెరుచుకుంటుంది. గాభరా పడనక్కర లేదు.

నిజమైన అడ్డంకి బిట్‌లాకర్, అంటే డిస్కుకు విండోస్ వేసే తాళం. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన చాలా కంప్యూటర్లలో, యజమానికి తెలియకుండానే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. బయటికి తీసి తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతా పేజీలో ఉండాలి. ఖాతా ఏదో మరచిపోతే ఎవరూ తెరవలేరు, రిపేరు దుకాణంవారు కూడా. కాబట్టి కంప్యూటర్ ఇంకా పనిచేస్తున్నప్పుడే ఆ కీని ఒక కాగితం మీద రాసి దాచుకోండి. ఈ మాట కొత్త కంప్యూటర్‌కూ వర్తిస్తుంది.

విండోస్ మాత్రమే పాడై, మిగతా యంత్రం బాగుంటే డిస్కు ఊడదీయనక్కర లేదు. ఉబుంటు లాంటి లైనక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతో కంప్యూటర్‌ను నడిపి, ఫైళ్లను ఎక్స్‌టర్నల్ డిస్కుకు తీసుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ అన్నది ఎంచుకోవాలి, లేకపోతే ఉన్న డేటా చెరిగిపోయే ప్రమాదం ఉంది.

క్లోనింగ్, తరలింపు ప్రోగ్రాంలు

పాత డిస్కును యథాతథంగా కొత్తదానికి అచ్చు వేస్తే ప్రోగ్రాంలు, సెట్టింగులతో సహా అన్నీ వచ్చేస్తాయి కదా అని చాలామందికి ఆశ. అదే కంప్యూటర్‌లో హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేసుకునేటప్పుడు క్లోనింగ్ అద్భుతంగా పనిచేస్తుంది. వేరే కంప్యూటర్‌కు మారేటప్పుడు వద్దు. కొత్తదాని డ్రైవర్లు వేరు, దానితో వచ్చిన విండోస్ లైసెన్సు వేరు. పాతదానిలో ఏళ్లుగా పోగైన చెత్త, ఒకవేళ ఉంటే వైరస్‌లు కూడా వెంట వస్తాయి. ప్రోగ్రాంలను కొత్తగా వేసుకోండి, ఫైళ్లను మాత్రమే తెచ్చుకోండి. విండోస్‌తోపాటు వచ్చే ఈజీ ట్రాన్స్‌ఫర్ విండోస్ 10 నాటికే లేకుండా పోయింది. డబ్బు కట్టి కొనే తరలింపు ప్రోగ్రాంలు ఉన్నాయి గానీ, ఇంటి వాడకానికి వాటి అవసరం నాకు కనిపించదు.

మ్యాక్ నుంచి మ్యాక్‌కు మారేవారికి మాత్రం నా సలహా పూర్తిగా వేరు. ఆపిల్ ఇచ్చే మైగ్రేషన్ అసిస్టెంట్‌ను వాడండి. కేబుల్‌తో, వైఫైతో, మ్యాక్‌లోనే ఉండే టైమ్ మెషీన్‌తో తీసిన బ్యాకప్ నుంచి కూడా ఖాతాలు, ప్రోగ్రాంలు, ఫైళ్లు అన్నీ చక్కగా తెస్తుంది. ముందు టైమ్ మెషీన్ బ్యాకప్ తీసి, దాని నుంచి తెచ్చుకుంటే మూడో ప్రతి కూడా సిద్ధం.

కాపీలో చిక్కని సంగతులు

ఏ దారిలో వెళ్లినా, తర్వాత వారాల్లో బయటపడే లోట్లు ఇక్కడివే. కొంచెం వివరంగా చెబుతాను.

ట్యాలీ వాడేవారు: డేటా డాక్యుమెంట్స్‌లో ఉండదు. ప్రతి కంపెనీకీ ఒక అంకె పేరుతో ఫోల్డర్ ఉంటుంది, ఆ డేటా ఫోల్డర్ ఎక్కడుందో ట్యాలీలోనే చూపిస్తుంది. దాన్ని మొత్తంగా కాపీ చేయండి, ట్యాలీలోని బ్యాకప్ కూడా విడిగా తీయండి. లైసెన్సును పాతదానిలో సరెండర్ చేశాకే కొత్తదానిలో యాక్టివేట్ చేయాలి. పాతదాన్ని ముందే ఫార్మాట్ చేసేస్తే ఆ చిన్న పని పెద్దదవుతుంది. కొత్త విడుదలతో పాత డేటా తెరిస్తే కొత్త రూపానికి మార్చమని అడగవచ్చు. మారాక పాత విడుదలలో తెరుచుకోదు, కాబట్టి మార్చని ప్రతి ఒకటి అట్టే పెట్టుకోండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. ఆరేళ్ల లెక్కలు ఒకే డిస్కు మీద పెట్టడం ఏ వ్యాపారికీ తగదు.

తెలుగు డీటీపీ చేసేవారు: అను ఫాంట్లతో చేసిన పేజ్‌మేకర్ ఫైళ్లు యూనికోడ్ కావు. ఫైలు వచ్చి ఫాంటు రాకపోతే తెర మీద అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, అది 2001లో వచ్చింది. కొత్త కంప్యూటర్‌లో అది సజావుగా నడుస్తుందన్న భరోసా లేదు. పాత కంప్యూటర్ నడుస్తున్నప్పుడే ముఖ్యమైన పుస్తకాలు, పత్రికలు, పెళ్లి కార్డులు అన్నింటినీ ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్‌లుగా తీసి పెట్టుకోండి. ఫాంట్స్ ఫోల్డర్‌ను కూడా కాపీ చేయండి. మళ్లీ దిద్దాల్సిన పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోండి. మన ఊళ్ల చరిత్రలు, కవుల సంపుటాలు, సంఘాల సావనీర్లు ఎన్నో ఇలాంటి ఫైళ్లలోనే ఉన్నాయి. వాటికి అచ్చు ప్రతి కూడా దొరకనప్పుడు ఈ పీడీఎఫే దిక్కు. ఇది చేసే తీరిక లేదనుకుంటే, పాత కంప్యూటర్‌ను అమ్మకుండా ఇంటర్నెట్ తీసేసి ఆ పనికే ఉంచుకోవడం ఎంతో మేలు.

అవుట్‌లుక్ వాడేవారు మెయిళ్లు దాగి ఉండే పీఎస్‌టీ ఫైలు ఎక్కడుందో చూసుకోవాలి. అది యాప్‌డేటా అనే ఫోల్డర్‌లో ఉంటే, ఆ ఫోల్డర్ మామూలుగా కనిపించదు, వ్యూ మెనూలో దాచిన ఫైళ్లను చూపించమని చెప్పాలి. బ్రౌజర్ బుక్‌మార్కులు, పాస్‌వర్డులు ఖాతాతో సింక్ చేసుకోవడమే సుఖం. క్రోమ్ ప్రొఫైల్ ఫోల్డర్‌ను కాపీ చేసినా పాస్‌వర్డులు రావు, అవి పాత విండోస్ ఖాతాకు ముడిపడి ఉంటాయి. పాస్‌వర్డులను ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేస్తే అది ఎవరైనా చదవగలిగే రూపంలో ఉంటుంది, పని కాగానే చెరిపేయండి. డిజిటల్ సంతకం టోకెన్ యూఎస్‌బీదే కనుక, కొత్తదానిలో దాని డ్రైవర్ వేస్తే సరిపోతుంది.

ఫొటోలను వాట్సాప్ ద్వారా దాటించవద్దు. నాణ్యత తగ్గుతుంది, ఎప్పుడు తీశారో చెప్పే సమాచారం చెరిగిపోతుంది. డిస్కు నుంచి డిస్కుకు కాపీ చేస్తే ఆ తేదీ ఫొటోలోనే పదిలంగా ఉంటుంది. ఫోల్డర్‌లో ‘క్రియేటెడ్’ తేదీ మాత్రం కాపీ చేసిన రోజుకు మారుతుంది, దానికి కంగారు పడకండి.

తెలుగు పేర్లతో ఫైళ్లు పెట్టుకున్నవారికి ఒక మాట. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డర్ దారి మొత్తం 260 అక్షర సంకేతాలు మించితే కాపీ మొరాయిస్తుంది. తెలుగులో ఒక అక్షరానికే రెండుమూడు సంకేతాలు పడతాయి గనుక ఈ హద్దు త్వరగా తగులుతుంది. ఎక్స్‌టర్నల్ డిస్కులో పొడుగాటి పేర్ల ఫోల్డర్ల లోపల కాకుండా, ‘పాత’ అని చిన్న ఫోల్డర్ పెట్టి అందులోకే కాపీ చేయండి. లైనక్స్‌కు వెళ్లేవారికి ఇబ్బంది ఇంకా ఎక్కువ. అక్కడ ఒక పేరుకు 255 బైట్లే హద్దు, ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. అంటే 85 సంకేతాలు మించిన పేరు చెల్లదు. పాత జిప్ ప్రోగ్రాంలు తెలుగు పేర్లను ప్రశ్నార్థకాలుగా మార్చేయవచ్చు, అందుకే జిప్ చేయకుండా ఫోల్డర్లుగానే కాపీ చేయడం మంచిది.

నేనైతే ఎవరికి ఏది చెబుతాను

ఇంట్లో ఒక కంప్యూటర్, ఫొటోలు, పత్రాలు ఉన్నవారికి 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు. తల్లిదండ్రుల కంప్యూటర్ మార్పును దూరదేశం నుంచి ఫోనులో నడిపించే పిల్లలకు కూడా ఇదే. ‘తగిలించు నాన్నా, కాపీ చెయ్యి, అతికించు’ అని ఫోనులో చెప్పగలం, నెట్‌వర్క్ షేరింగ్‌ను చెప్పలేం.

మొత్తం 10 జీబీ లోపే ఉండి, దాదాపు అన్నీ ఇప్పటికే గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో ఉన్న విద్యార్థులు క్లౌడ్‌తో సరిపెట్టుకోవచ్చు. 500 జీబీకి పైగా వీడియోలున్న స్టూడియోలవారు ల్యాన్ కేబుల్ వాడండి, కానీ వాటి బ్యాకప్ విడిగా ఉందని తేల్చుకున్నాకే. ఆన్ కాని కంప్యూటర్ ఉన్నవారు డిస్కును కేసులో పెట్టించుకోండి. ఆ డిస్కు నుంచే చప్పుడు వస్తుంటే ఇంట్లో ప్రయోగాలు ఆపి, డేటా రికవరీ నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి. ప్రతిసారీ ఆన్ చేయడం వల్ల మిగిలి ఉన్నది కూడా పోతుంది.

దుకాణం లెక్కలున్నవారికి ఒక్క డిస్కు చాలదు. ఎక్స్‌టర్నల్ డిస్కుతో తరలించి, ట్యాలీ బ్యాకప్‌ను క్లౌడ్‌లో కూడా పెట్టండి. ఆ ఫైళ్లు చిన్నవే కనుక ఉచిత పరిమితిలోనే ఇమిడిపోతాయి.

పాతదాన్ని ఇచ్చేసే ముందు

కాపీ అయిందన్న మాటను నమ్మకుండా సరిచూడండి. రెండు చోట్లా ఫోల్డర్ ప్రాపర్టీస్ తీసి ఫైళ్ల సంఖ్య, బైట్లు పోల్చండి. టెరాకాపీ అనే ప్రోగ్రాంలో కాపీ తర్వాత సరిచూసే ఏర్పాటు ఉంది. ఫ్రీఫైల్‌సింక్ అనే ప్రోగ్రాం రెండు ఫోల్డర్ల మధ్య తేడాలు చూపిస్తుంది. అన్నింటికంటే పెద్ద వీడియోను, అన్నింటికంటే పాత ఫొటోను, ట్యాలీలో పోయినేడాది లెక్కను కొత్తదానిలో నిజంగా తెరిచి చూడండి.

ఆ తర్వాత కూడా కనీసం ఒక నెల పాతదాన్ని అలాగే ఉంచండి. ప్రింటర్ సెట్టింగో, ఎప్పుడో ఆదాయపు పన్ను కోసం దాచిన ఫోల్డరో గుర్తొచ్చేది ఆ నెలలోనే. ఎక్స్ఛేంజి ఆఫర్ గడువు అంతవరకు ఆగదంటే, డిస్కు తీసి ఉంచుకుని యంత్రం మాత్రమే ఇస్తే ఎంత ధర ఇస్తారో అడగండి. తగ్గే మొత్తం మీ ఫైళ్ల విలువతో పోలిస్తే తక్కువే అవుతుంది.

డిస్కుతో సహా ఇవ్వక తప్పకపోతే, ఫైళ్లు డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేయడం చాలదు. త్వరగా అయ్యే క్విక్ ఫార్మాట్ కూడా చాలదు, తర్వాతివారు రికవరీ ప్రోగ్రాంతో వెలికితీయగలరు. సెట్టింగుల్లో రీసెట్ దిస్ పీసీకి వెళ్లి, ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకుని, లోపలి సెట్టింగుల్లో డేటాను పూర్తిగా శుభ్రం చేసే ‘క్లీన్ డేటా’ ఐచ్ఛికాన్ని ఆన్ చేయండి. హార్డ్‌డిస్కు అయితే కొన్ని గంటలు పడుతుంది. ఛార్జర్ పెట్టి, రాత్రంతా వదిలేయండి. ఆధార్, పాన్, బ్యాంకు కాగితాల స్కానింగులు ఉండని కంప్యూటర్ ఈ రోజుల్లో లేదు కనుక ఈ మెట్టును ఎవరూ దాటవేయకూడదు.